ఆర్‌వీలో కాపురం: బండెక్కే ముందు ఇంటిల్లిపాదికీ తెలియాల్సిన లెక్కలు

అమెరికాలో ఇల్లు ఖాళీ చేసి పిల్లాపాపలతో ఆర్‌వీలోకి, అంటే వంటగది, మంచాలు, టాయిలెట్ ఉన్న చక్రాల ఇంట్లోకి, మారిపోవాలనుకునేవాళ్లు ముందు ఒక్క అలవాటు మార్చుకోవాలి. ఇంట్లో ఉన్నన్నాళ్లూ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో, మురుగు ఎక్కడికి పోతోందో, ఏ స్విచ్ ఎంత కరెంటు లాగుతోందో ఎవరూ పట్టించుకోరు. ఆర్‌వీలో వీటన్నిటికీ హద్దుంటుంది, ఆ హద్దుకో అంకె ఉంటుంది: ఇన్ని పౌండ్లు, ఇన్ని గ్యాలన్లు, ఇన్ని ఆంపులు. ఆ అంకెలు పిల్లలతో సహా అందరికీ తెలిసిన ఇంట్లో రోజులు సాఫీగా గడుస్తాయి. ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరూ పొద్దస్తమానం బ్రేకర్లకీ వాల్వులకీ కాపలా కాయాల్సి వస్తుంది.

బండి ఎంపిక: పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?

బండి చూడ్డానికి వెళ్తే కళ్లు వంటగది మీద, బంకు మంచాల మీద పడతాయి. పిల్లలున్నవాళ్లు మాత్రం బండి కదిలేటప్పుడు పిల్లలు ఎక్కడ కూర్చుంటారన్నది ముందు తేల్చుకోవాలి. మోటార్‌హోమ్‌లో, అంటే ఇంజిన్ తనకే ఉన్న ఆర్‌వీలో, డైనెట్ (భోజనాల బల్ల) దగ్గర సీటు బెల్టు కనిపించినంత మాత్రాన సరిపోదు. పక్కకి గానీ వెనక్కి గానీ తిరిగి ఉన్న సీట్లో కార్ సీటు బిగించకూడదు. ముందుకు తిరిగి ఉన్న సీటైనా సరే, బెల్టు చెక్క ఫ్రేముకి కొట్టారా, కింద ఇనప చట్రానికి బిగించారా అన్నది వంగి చూడాలి. కార్ సీటు పైపట్టీ తగిలించే టెదర్ కొక్కెం ఉందో లేదో చూడాలి. చాలా మోటార్‌హోముల్లో ఇవన్నీ ఒకేచోట దొరకవు. అందుకే చిన్నపిల్లలున్న కుటుంబానికి ట్రక్కుతో లాగే ట్రావెల్ ట్రైలరో, ట్రక్కు వెనక తొట్టిలో తగిలించే ఫిఫ్త్ వీలో మేలని మా అభిప్రాయం. పిల్లలు ట్రక్కు వెనక సీట్లో, వాళ్ల కార్ సీట్లలోనే కూర్చుంటారు. కదిలే ట్రావెల్ ట్రైలర్‌లో మనుషులుండటాన్ని చాలా రాష్ట్రాలు నిషేధించాయి. ఫిఫ్త్ వీల్ విషయంలో కొన్ని రాష్ట్రాలు ఒప్పుకుంటాయి గానీ, చట్టం ఒప్పుకున్నా పిల్లల్ని అందులో ఎక్కించొద్దు.

లైసెన్స్ సంగతీ కొనకముందే చూసుకోండి. టెక్సస్‌లో 26,000 పౌండ్లు దాటిన మోటార్‌హోమ్‌కి క్లాస్ బీ లైసెన్స్ కావాలి. కాలిఫోర్నియాలో 40 అడుగులు దాటితే మామూలు లైసెన్స్ చెల్లదు.

బరువు లెక్క

ట్రక్కు ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో రాసేది లాగే సామర్థ్యం. కుటుంబాలకు ముందుగా అడ్డొచ్చేది అది కాదు, పేలోడ్. డ్రైవర్ తలుపు తెరిస్తే చట్రం మీద పసుపు-తెలుపు స్టికర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని అందులో ఉంటుంది. ట్రైలర్ ముందుభాగం ట్రక్కు మీద మోపే బరువు కూడా ఇందులోకే వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. ట్రక్కు పేలోడ్ 1,600 పౌండ్లు అనుకోండి. ట్రైలర్ గరిష్ఠ బరువు, అంటే జీవీడబ్ల్యూఆర్, 7,500 పౌండ్లు. ట్రావెల్ ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రైలర్‌ను ట్రక్కుకి తగిలించే చోట, ఉండాలి. 13 శాతం వేసుకుంటే 975 పౌండ్లు. బరువు పంచే హిచ్ సామగ్రి మరో 90. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, కార్ సీట్లు కలిపి 450. మొత్తం 1,515. ఇక మిగిలింది 85 పౌండ్లు. పనిముట్ల పెట్టె, ఓ కూలర్ ఎక్కిస్తే అయిపోయింది. అదే ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుందని ప్రకటనలో రాసి ఉండొచ్చు, అది అబద్ధమూ కాదు. కాకపోతే ఆ అంకె మీ కుటుంబాన్ని ఎక్కించి కట్టింది కాదు. ఫిఫ్త్ వీల్ అయితే ట్రక్కు మీద పడే బరువు 15 నుంచి 25 శాతం దాకా ఉంటుంది కాబట్టి ముప్పావు టన్ను, ఒక టన్ను తరగతి పెద్ద ట్రక్కుల వైపు వెళ్లక తప్పదు. హిచ్ మీద బరువు తక్కువుంటే బాగుంటుందని సామానంతా ట్రైలర్ వెనక్కి సర్దితే ఇంకో ప్రమాదం: 10 శాతం కంటే తగ్గిందంటే హైవే మీద ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది.

ట్రైలర్‌కీ విడిగా సామాను పరిమితి స్టికర్ ఉంటుంది. 1,450 పౌండ్లు అని రాసి ఉందనుకోండి. 45 గ్యాలన్ల మంచినీళ్లు నింపితే, గ్యాలన్‌కి 8.34 పౌండ్ల చొప్పున 375 పౌండ్లు నీళ్లకే పోతుంది. మిగతా దాంట్లోనే బట్టలు, గిన్నెలు, పుస్తకాలు, పరుపులు, బియ్యం బస్తా అన్నీ. తలకి 200 నుంచి 250 పౌండ్లు అనుకుని సర్దడం మొదలుపెట్టండి. బరువు పెంచేవి బట్టలు కావు. పుస్తకాలు, ఇనప పెనాలు, డబ్బా సరుకులు.

అంచనాతో బయల్దేరొద్దు, తూకం వేయించండి. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది. సామానంతా సర్ది, ట్యాంకు నింపి, మనుషులంతా ఎక్కి మొదటిసారి తూచండి: ట్రక్కు ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు విడివిడిగా కాగితం మీద వస్తాయి. ట్రైలర్ విప్పి పక్కన పెట్టి, అదే మనుషులతో ట్రక్కును ఒంటరిగా రెండోసారి తూచండి. మొదటి మొత్తంలోంచి రెండోది తీసేస్తే ట్రైలర్ అసలు బరువు. అందులోంచి ట్రైలర్ ఇరుసుల అంకె తీసేస్తే హిచ్ బరువు. బరువు పంచే కడ్డీలు బిగించి ఉంటే కొంత భారం ట్రైలర్ ఇరుసుల మీదకి మళ్లుతుంది, కాబట్టి మొదటి తూకానికి అవి విప్పి ఉంచితేనే హిచ్ అంకె సరిగ్గా వస్తుంది.

టైరు పేలడానికి పెద్ద కారణాలు మూడు: అధిక బరువు, తక్కువ గాలి, వయసు. ట్రైలర్ టైరు పక్కన డాట్ కోడ్ చివరి 4 అంకెలు చూడండి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారం. అరుగుదల కనిపించకపోయినా 5 నుంచి 7 ఏళ్లకు మార్చేయాలి. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. చాలా ట్రైలర్ టైర్ల వేగ పరిమితి గంటకు 65 మైళ్లే. బోర్డు 75 అన్నా మీకు అది వర్తించదు.

పాత బండి కొంటుంటే

ఆర్‌వీని చంపేది ఇంజిన్ కాదు, నీరు. కప్పు మీద కీళ్ల దగ్గర వేసిన సీలెంట్ పగిలితే నీళ్లు గోడలోకి దిగి లోపలి చెక్కను కుళ్లబెడతాయి. బయటికి తెలిసేసరికి గోడ ఉబ్బుతుంది. బయట గోడను వాలు వెలుతురులో చూడండి, బుడగల్లా ఉంటే వదిలేయండి. లోపల అల్మారాల పైమూలలు, కిటికీల కింది మూలలు, స్లైడ్ (బండి ఆగాక బయటికి జరిపే గది భాగం) అంచున నేల వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా తగిలినా, మరకున్నా, కొత్తగా అంటించిన వాల్‌పేపర్ ఒక్క మూలలోనే ఉన్నా అనుమానించండి. తేమ కొలిచే మీటర్ పెద్ద ఖరీదేం కాదు, వెంట తీసుకెళ్లండి. కొన్న తర్వాత మూణ్నెల్లకోసారి కప్పెక్కి సీలెంట్ చూసి, పగుళ్లున్న చోట మీ కప్పు రకానికి సరిపోయేది వేయండి. చాలా కప్పులకు దానంతట అదే పరుచుకునే ల్యాప్ సీలెంట్ సరిపోతుంది. హార్డ్‌వేర్ షాపు సిలికాన్ మాత్రం పూయొద్దు. తర్వాత ఏ సీలెంటూ దానిమీద పట్టదు.

కొత్తది కొన్నా ఒక మెలిక ఉంది. చాలా కంపెనీల వారంటీ, పూర్తికాలం నివాసానికి వాడితే చెల్లదని రాసి ఉంటుంది. అప్పిచ్చే బ్యాంకుల్లోనూ చాలా వాటికి ఇదే నిబంధన. సంతకానికి ముందు ఆ పేరా వెతికి చదవండి.

చిరునామా, బీమా, బడి

ఇల్లు లేకపోయినా ఏదో ఒక రాష్ట్రం మీ సొంత రాష్ట్రం కావాలి. పూర్తికాలం ఆర్‌వీలో ఉండేవాళ్లు ఎక్కువగా ఎంచుకునేవి సౌత్ డకోటా, టెక్సస్, ఫ్లోరిడా. మూడింట్లోనూ వ్యక్తులకు రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఉత్తరాలు అందుకుని పంపించే సంస్థలూ ఉన్నాయి. అలాంటి సంస్థ మీ తరఫున ఉత్తరాలు తీసుకోవాలంటే తపాలా శాఖ ఫారం 1583 నింపి నోటరీ చేయించాలి. బ్యాంకులు కొన్ని ఈ చిరునామాను నివాసంగా ఒప్పుకోవు, కాబట్టి పాత ఇల్లు వదలకముందే అడిగి ఉంచుకోండి.

వీసా మీద ఉన్న తెలుగు కుటుంబాలు ఇంకో అడుగు ఆగి ఆలోచించాలి. అమెరికా పౌరులు కానివాళ్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లతో సహా, చిరునామా మారిన 10 రోజుల్లో ఏఆర్-11 ఫారం దాఖలు చేయాలి. హెచ్-1బీ మీద ఇంటి నుంచి పనిచేస్తుంటే ఆ ఇల్లే పనిచోటు. ఆ మెట్రో ప్రాంతం దాటి పనిచోటు మారితే సాధారణంగా కంపెనీ సవరణ పిటిషన్ వేయాలి. నెలకో రాష్ట్రంలో ల్యాప్‌టాప్ తెరుస్తామంటే ఇది కుదిరే పని కాదు. ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా ఇల్లు అమ్మొద్దు.

బండికి మామూలు ఆర్‌వీ పాలసీ కాక, పూర్తికాలం నివాసులకిచ్చే పాలసీ తీసుకోండి. మామూలుది సెలవులకు వెళ్లొచ్చేవాళ్ల కోసం. మీ మెట్ల మీద ఎవరైనా జారిపడితే, లోపలి సామాను కాలిపోతే, అక్కడ తేడా తెలుస్తుంది. ఆరోగ్య బీమా సొంతంగా కొనుక్కునేవాళ్లకు ప్లాన్లు సొంత రాష్ట్రం, కౌంటీని బట్టి దొరుకుతాయి. హెచ్‌ఎమ్‌ఓ, ఈపీఓ రకాలైతే నెట్‌వర్క్ బయట అత్యవసరం తప్ప మరేదీ చెల్లించవు. పిల్లలతో దేశం తిరిగేవాళ్లకు ఇదే అన్నిటికంటే పెద్ద చిక్కు. అందుకే రాష్ట్రం ఎంచుకునే ముందే ఆ కౌంటీలో దొరికే ప్లాన్లు చూడండి.

చదువు విషయంలో సొంత రాష్ట్రం హోమ్‌స్కూల్ చట్టమే మీకు వర్తిస్తుంది. టెక్సస్‌లో హోమ్‌స్కూల్‌ను ప్రైవేటు బడిగానే చూస్తారు. ఫ్లోరిడాలో కౌంటీ సూపరింటెండెంట్‌కి మొదలుపెట్టిన 30 రోజుల్లోపు నోటీసివ్వాలి, పిల్లలు చేసిన పని దాచిపెట్టాలి, ఏటా మూల్యాంకనం చేయించాలి. సౌత్ డకోటాలోనూ తెలియజేయాలి; పరీక్షల నిబంధనను 2021లో తీసేశారు. నాలుగో తరగతి పిల్లలున్నవాళ్లు జాతీయ పార్కుల ఉచిత పాస్ తీసుకోవడం మరిచిపోవద్దు.

కరెంటు: ఏదైనా రెండే

ఆర్‌వీ ప్లగ్ రెండు రకాలు. 30 ఆంపులది 120 వోల్టుల ఒక్క తీగ: 3,600 వాట్లు. 50 ఆంపులది 120 వోల్టుల తీగలు రెండు: 12,000 వాట్లు. పేరులో 20 ఆంపులే తేడా, చేతికొచ్చేది మూడింతలకు పైగా. కుటుంబానికి, ముఖ్యంగా రెండు ఏసీలున్న బండికి, 50 ఆంపులే నయం.

30 ఆంపుల బండిలో ఉంటే ఈ అంకెలు ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఏసీ సుమారు 14 ఆంపులు. వాటర్ హీటర్ కరెంటు మీద 12. మైక్రోవేవ్ 12. హెయిర్ డ్రయ్యర్ 12. గది హీటర్ 12. ఇండక్షన్ పొయ్యి పూర్తి మంటలో 15. ఏసీ, వాటర్ హీటర్ కలిపితేనే 26. ఆపైన ఎవరు మైక్రోవేవ్ నొక్కినా బ్రేకర్ ట్రిప్ అవుతుంది. పిల్లలకు చెప్పాల్సింది ఒక్క ముక్క: పెద్దవి ఒకేసారి రెండే. స్నానాల వేళ వాటర్ హీటర్‌ను గ్యాస్ మీదకి మార్చుకుంటే చాలా గొడవ తప్పుతుంది.

ఆర్‌వీ పార్కులో కరెంటిచ్చే స్తంభం దగ్గర పాటించాల్సిన వరస: బ్రేకర్ ఆపు చేయాలి, సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి బ్రేకర్ వేయాలి, అది వైరింగ్ సరిగ్గా ఉందని చూపాక మళ్లీ ఆపి, బండి తీగ తగిలించి, అప్పుడు వేయాలి. ప్రొటెక్టర్‌లో చవకరకం వద్దు. వోల్టేజీ దాదాపు 104కి పడిపోయినా 132 దాటినా దానంతట అదే కట్ చేసే రకం తీసుకోండి. వేసవి మధ్యాహ్నం పార్కంతా ఏసీలు వేసుకుంటే వోల్టేజీ పడిపోతుంది, తక్కువ వోల్టేజీలో ఏసీ కంప్రెసర్ ఎక్కువ ఆంపులు లాగి వేడెక్కి కాలిపోతుంది. తీగ ప్లగ్ ముట్టుకుంటే వేడిగా తగిలినా, ఓ పిన్ను గోధుమరంగుకి తిరిగినా వెంటనే లోడు తగ్గించి ప్లగ్ మార్చండి.

బంధువుల ఇంటి ముందు బండి పెట్టుకోవడానికి ఎలక్ట్రీషియన్ చేత 30 ఆంపుల సాకెట్ పెట్టిస్తే, అది 120 వోల్టులదని కాగితం మీద రాసివ్వండి. బట్టల డ్రయ్యర్‌ది అనుకుని 240 వోల్టులకు కలిపేయడం తరచూ జరిగే పొరపాటు. తగిలించిన క్షణంలో బ్యాటరీని ఛార్జ్ చేసే కన్వర్టర్, మైక్రోవేవ్, టీవీ అన్నీ పోతాయి.

బ్యాటరీల్లో లెడ్-యాసిడ్‌వి సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా చస్తాయి. 100 ఆంప్-అవర్లలో 50 మాత్రమే మీవి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో దాదాపు అంతా వాడుకోవచ్చు, కానీ 32 డిగ్రీల ఫారన్‌హీట్ కింద ఛార్జ్ చేయకూడదు, పాత కన్వర్టర్ దాన్ని పూర్తిగా ఛార్జ్ చేయకపోవచ్చు. మోటార్‌హోమ్‌లో ఆల్టర్నేటర్‌కి నేరుగా కలిపితే ఆల్టర్నేటర్ వేడెక్కుతుంది, మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి.

నీళ్లు, ట్యాంకులు

పార్కు కొళాయిలో ఒత్తిడి ఒక్కోచోట 100 పీఎస్‌ఐ కూడా దాటుతుంది. బండి పైపులకు 40 నుంచి 50 చాలు. అందుకని కొళాయికి ముందు ఇత్తడి ప్రెషర్ రెగ్యులేటర్, దానికి ఫిల్టర్, ఆ తర్వాత తాగునీటి గొట్టం. రెగ్యులేటర్‌ను బండి దగ్గర పెడితే గొట్టం, ఫిల్టర్ ఒత్తిడికి బలవుతాయి. మురుగు కడిగే గొట్టం వేరే రంగులో, వేరే పెట్టెలో ఉండాలి. రెండూ ఒక్క చోట పెట్టొద్దు. బయటికెళ్లేటప్పుడు కొళాయి కట్టేయండి. ఫిట్టింగ్ ఊడితే ఇల్లంతా నీళ్లే.

కొత్తగా చేరినప్పుడూ, ఆ తర్వాత ఆర్నెల్లకోసారీ మంచినీళ్ల ట్యాంకు శుభ్రం చేయాలి. వాసన కలపని మామూలు బ్లీచ్, ప్రతి 15 గ్యాలన్లకు పావు కప్పు. 45 గ్యాలన్ల ట్యాంకుకి ముప్పావు కప్పు. ముందు బకెట్ నీళ్లలో కలిపి పోయాలి. ఫిల్టర్లు తీసేసి, వాటర్ హీటర్ బైపాస్ చేసి, ప్రతి కొళాయీ బ్లీచ్ వాసన వచ్చేదాకా తెరిచి, 12 గంటలు అలాగే ఉంచి ఖాళీ చేయండి. వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి. వాటర్ హీటర్ ట్యాంకులో నీళ్లు నిండకుండా కరెంటు స్విచ్ వేస్తే ఎలిమెంట్ క్షణాల్లో మాడిపోతుంది. వేసేముందు వేడినీళ్ల కొళాయి తిప్పి ధార సమంగా వస్తోందో లేదో చూడటం అందరికీ అలవాటు కావాలి. సబర్బన్ కంపెనీ హీటర్‌లో, ట్యాంకుకి బదులు తాను తుప్పుపట్టే ఆనోడ్ కడ్డీ ఉంటుంది; ఏడాదికోసారి ఒత్తిడి తీసేసి, నీళ్లు చల్లబడ్డాక 1-1/16 అంగుళాల సాకెట్‌తో విప్పి, ముప్పావు వంతు తినేసి ఉంటే మార్చండి.

ఇక టాయిలెట్ మురుగు చేరే బ్లాక్ ట్యాంకు. పూర్తి హుకప్, అంటే కరెంటు, నీళ్లు, మురుగు మూడూ కలిపే ఏర్పాటు, ఉంది కదా అని చాలామంది దాని వాల్వు తెరిచే ఉంచుతారు. నీళ్లు ఎప్పటికప్పుడు జారిపోతాయి, గట్టిది మిగిలి, కుప్పపడి, ఎండి రాయవుతుంది. దాన్ని తీయడం నరకం. వాల్వు మూసే ఉంచి, కనీసం మూడింట రెండొంతులు నిండాక ఒక్కసారిగా వదలాలి. ఆ వేగమే అడుగును ఊడ్చుకుపోతుంది. నలుగురి ఇంట్లో 35 గ్యాలన్ల బ్లాక్ ట్యాంకు 4 నుంచి 6 రోజుల్లో నిండుతుంది. సింక్, షవర్ నీళ్లు చేరే గ్రే ట్యాంకు ఇంకా త్వరగా, పొదుపుగా వాడినా 2, 3 రోజుల్లో.

వదిలే పద్ధతి: చేతికి తొడుగులు, గొట్టానికి పారదర్శకమైన మోచేతి ముక్క, ముందు బ్లాక్. పూర్తిగా జారాక కడిగే ఇన్‌లెట్ ఉంటే దానిలోంచి నీళ్లు పెట్టి, మోచేతి ముక్కలో తేటనీళ్లు కనిపించేదాకా ఉంచండి. ఇది చేస్తున్నంతసేపూ బ్లాక్ వాల్వు తెరిచే ఉండాలి, అక్కడి నుంచి కదలకూడదు. వాల్వు మూసి నీళ్లు పెట్టి మరిచిపోతే ట్యాంకు నిండి టాయిలెట్‌లోంచి పైకి పొంగుతుంది. తర్వాత బ్లాక్ మూసి గ్రే తెరవండి, సబ్బునీళ్లు గొట్టాన్ని కడుగుతాయి. చివర్లో టాయిలెట్‌లో రెండు మూడు గ్యాలన్ల మంచినీళ్లు తప్పకుండా పోయాలి. పొడి ట్యాంకులో పడ్డదే అడుగుకి అంటుకుంటుంది. పిల్లలకు నేర్పాల్సింది ఇంతే: ముందు గిన్నెలో నీళ్లు నింపుకో, తర్వాత పెడల్ నిండా తొక్కి పట్టుకో, తడితుడుపు కాగితాలు ఎప్పుడూ అందులో వేయొద్దు. ట్యాంకు ఖాళీగా ఉన్నా మీటర్ నిండినట్టు చూపిస్తోందంటే లోపలి సెన్సర్ మీద కాగితం అంటుకుంది. నీళ్లు ఎక్కువ పోసి ప్రయాణంలో కుదుపుకు వదిలేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

ట్యాంకు ఖాళీగా ఉన్నా దుర్వాసన వస్తుంటే చూడాల్సింది వేరే: షవర్ కింద నీళ్లు నిలిచి వాసనను ఆపే వంపు గొట్టం, పీ-ట్రాప్, ఎండిపోయి ఉంటుంది, లేదా సింక్ కింద గాలి లాక్కునే చిన్న వాల్వు పాడై ఉంటుంది. పోపు నూనె, వేపుడు జిడ్డు సింక్‌లో పోయకుండా కాగితంతో తుడిచి చెత్తలో వేయాలి. గ్రే ట్యాంకు గోడలకు పట్టిన జిడ్డే ఆ కుళ్లు వాసనకి మూలం.

స్నానాల విషయానికొస్తే, 6 గ్యాలన్ల హీటర్‌తో నలుగురూ వరసగా చేయలేరు. ఒళ్లు తడిపి, నీళ్లు కట్టి, సబ్బు రాసి, మళ్లీ తెరిస్తే మనిషికి 3, 4 గ్యాలన్లలో సరిపోతుంది. ఇద్దరు పొద్దున, ఇద్దరు రాత్రి అనుకుంటే పోట్లాటలే ఉండవు.

తేమ, గ్యాస్, మంట

మొదటి చలికాలంలో చాలా కుటుంబాలకు ఎదురయ్యేది పరుపు కింద నల్లటి బూజు. నలుగురి ఊపిరి, స్నానం, కుక్కర్ ఆవిరి అంత చిన్న జాగాలో తిరుగుతాయి. గ్యాస్ పొయ్యి కూడా తేమే ఇస్తుంది: ఒక గ్యాలన్ ప్రొపేన్ కాలితే ముప్పావు గ్యాలన్ పైచిలుకు నీరు ఆవిరిగా పుడుతుంది. అది చల్లటి గోడకి, పరుపు అడుగుకి తగిలి మళ్లీ నీరవుతుంది. తేమ మీటర్ ఒకటి గోడకి పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. చలిగా ఉన్నా వంట, స్నానం వేళల్లో కప్పు ఫ్యాను తిప్పి, ఎదుటి కిటికీ అంగుళం తెరవాలి. ఒక్క ఫ్యాను వేసి కిటికీలన్నీ మూస్తే గాలి కదలదు. పరుపు కింద పలక మీద గాలాడే జాలీ చాప పరచండి, వారానికోసారి పరుపు ఎత్తి ఆరబెట్టండి. బట్టల అల్మారా గోడకి ఒత్తుకునేలా కుక్కొద్దు. డీహ్యూమిడిఫయర్ కొంటే కంప్రెసర్ ఉన్నదే కొనండి, అరచేతిలో పట్టే చిన్నవి కుటుంబానికి చాలవు.

20 పౌండ్ల సిలిండర్‌లో సుమారు 4,30,000 బీటీయూల వేడి ఉంటుంది. బండిని వెచ్చబెట్టే 30,000 బీటీయూల ఫర్నేస్ గంటలతరబడి ఆగకుండా మండితే 14 గంటల్లో అయిపోతుంది. గడ్డకట్టే రాత్రుల్లో అది సగంసేపు మండుతుందనుకున్నా రోజున్నరలోపే ఖాళీ. చలికాలానికి రెండు 30 పౌండ్ల సిలిండర్లు, వాటి మధ్య దానంతట అదే మారే రెగ్యులేటర్ పెట్టుకోండి. మెడ మీద ముద్రించిన తయారీ తేదీ నుంచి లెక్కవేసే గడువు దాటితే, మళ్లీ పరీక్ష చేయించేదాకా సిలిండర్ నింపరు.

ప్రొపేన్ గాలికన్నా బరువు, అందుకే దాని డిటెక్టర్ నేలకు దగ్గర ఉంటుంది. దాని ముందు బూట్ల పెట్టె పెట్టొద్దు. కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్‌కీ, దీనికీ గడువు తేదీ ఉంటుంది. సాధారణంగా 5 నుంచి 7 ఏళ్లు. చలేసిందని గ్యాస్ పొయ్యి వెలిగించి గది వేడిచేయడం ప్రాణాలు తీస్తుంది. పోపు పెడితే పొగ అలారం మోగుతుందని బ్యాటరీ తీసేసే ఇళ్లు ఉన్నాయి. ఆ పని మాత్రం చేయొద్దు, వేపుళ్లకు బయట టేబుల్ మీద ఒక పొయ్యి పెట్టుకోండి. ఆర్‌వీలో మంట చాలా వేగంగా పాకుతుంది. అత్యవసర కిటికీకి ఎర్ర పిడి ఉంటుంది. బంకు మీద పడుకునే పిల్లలు దాన్ని వాళ్ల చేతులతో తెరిచి చూడాలి. వాళ్లకు బలం చాలకపోతే మంచాలు మార్చండి. బంకుకి బరువు పరిమితి కూడా స్టికర్ మీద ఉంటుంది.

గడ్డకట్టే చలిలో ఒక చిక్కు చెప్పాలి. గ్యాస్ మిగులుతుందని ఫర్నేస్ ఆపి కరెంటు హీటర్‌తో గది వెచ్చబెట్టుకుంటే లోపల హాయిగానే ఉంటుంది, తెల్లారేసరికి పైపులు గడ్డకడతాయి. చాలా బండ్లలో కింది పైపులకు, ట్యాంకులకు వేడి అందేది ఫర్నేస్ గాలి గొట్టాల నుంచే. హీటర్ ఉన్నా ఫర్నేస్ మధ్యమధ్యలో వెలిగేలా ఉంచండి.

చోటుకి చేరాక చేసే వరస

1. బండి దిగి స్థలమంతా నడిచి చూడండి: స్తంభం, కొళాయి, మురుగు మూత, తలపైన కొమ్మలు, స్లైడ్ తెరుచుకునే చోటు. స్తంభంలో కరెంటు సరిగ్గా ఉందో లేదో వెనక్కి పెట్టకముందే పరీక్షించండి.
2. వెనక్కి నడిపేటప్పుడు చేయి స్టీరింగ్ అడుగున పెట్టండి. ట్రైలర్ వెనకభాగం ఎటు పోవాలో చేయి అటు కదపండి. వెనక నిలబడ్డ మనిషి అద్దంలో కనిపించకపోతే ఆపేయాలి.
3. ముందు ఎడమ-కుడి సమం చేయండి, చక్రాల కింద చెక్కలు ఎక్కించి. తర్వాత చక్రాలకు రెండు వైపులా అడ్డాలు. అడ్డాలు లేకుండా హిచ్ విప్పొద్దు.
4. హిచ్ విప్పి ముందు-వెనక సమం చేయండి. మూలల జాక్‌లు కదలకుండా ఉంచడానికే, బండిని ఎత్తడానికి కాదు. వాటితో ఎత్తితే చట్రం వంకరవుతుంది.
5. కరెంటు, తర్వాత స్లైడ్లు, ఆపైన నీళ్లు, చివర్లో మురుగు గొట్టం.

గ్యాస్ మీద నడిచే పాతరకం ఫ్రిజ్ ఉంటే సమం చేయడం ఇంకా ముఖ్యం. అందులో అమ్మోనియా ద్రవం వాలు మీద ఆధారపడి తిరుగుతుంది. బండి ఒరిగి ఉండగా నడిపితే ద్రవం ఒకచోట నిలిచి వేడెక్కి గొట్టాలు పూడుకుపోతాయి, మళ్లీ బాగుపడదు. ప్రయాణానికి ముందురోజే వెలిగించి ఉంచండి.

బయల్దేరేటప్పుడు ఇదే వరస తిరగేసి, ఇద్దరు విడివిడిగా చుట్టూ తిరిగి చూడాలి. ఒకరు చేసింది ఇంకొకరు తనిఖీ చేయాలి. యాంటెన్నా, కప్పు ఫ్యాను మూతలు, మెట్లు, బ్రేక్ లైట్లు, ఒకదాన్నొకటి దాటేలా కట్టిన హిచ్ గొలుసులు, విడిపోతే బ్రేకు వేసే కేబుల్. అప్పుడు ఎవరూ పిలవకూడదు, ఫోను ఎత్తకూడదు. మధ్యలో ఆపితే మొదటి నుంచి చూడాలి. బండి ఎత్తు ఏసీ పైదాకా టేపుతో కొలిచి డ్రైవర్ కళ్లెదుట అంటించండి. ఫోన్ మ్యాపులకు మీ ఎత్తు తెలియదు. బాల్టిమోర్ సొరంగాల్లోకి ప్రొపేన్ సిలిండర్లున్న ఆర్‌వీలను రానివ్వరు.

మొదటి నెల, తర్వాత దారి

ఇల్లు వదిలిన మర్నాడే గ్రాండ్ కాన్యన్‌కి బయల్దేరొద్దు. మొదటి రెండు వారాలు పాత ఊరికి గంట దూరంలో, పూర్తి హుకప్ ఉన్న పార్కులో గడపండి. ఏం లీకవుతుందో, ఏం చాలదో, ఏం ఎక్కువైందో అప్పుడే బయటపడుతుంది. సర్వీసుకీ, మిగులు సామాను వదిలేయడానికీ దగ్గరే ఉంటారు. ఆపైన రోజుకు 300 మైళ్లు మించకుండా, మధ్యాహ్నం 3కల్లా చేరేలా, చేరిన చోట కనీసం 3 రాత్రులు ఉండేలా వేసుకోండి. లాగేటప్పుడు ట్రక్కు గ్యాలన్‌కి 10 మైళ్లు ఇస్తే ఎక్కువ. 300 మైళ్లకు 30 గ్యాలన్లు. నెలకోసారి కదిలేవాళ్లకూ వారానికోసారి కదిలేవాళ్లకూ ఖర్చులో అసలు తేడా ఇక్కడే. నెల లెక్కన తీసుకుంటే స్థలం అద్దె తగ్గుతుంది, కరెంటు మాత్రం మీటర్ ప్రకారం విడిగా కట్టమంటారు. అడగకుండా ఖాయం చేయొద్దు.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు రెండు వేర్వేరు కంపెనీల సెల్ డేటా పెట్టుకోవాలి. శాటిలైట్ ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న ఆకాశం కావాలి. చెట్ల నీడలో చల్లగా ఉన్న స్థలం ఏసీకి మంచిది, డిష్‌కి పనికిరాదు.

చలికాలానికి ఆరిజోనా, ఫ్లోరిడా, టెక్సస్ దక్షిణాన రియో గ్రాండే లోయకు వెళ్దామనుకుంటే వేసవిలోనే ఫోన్ చేయండి. అక్కడ చాలా పార్కులు 55 ఏళ్లు దాటినవాళ్లకే. పిల్లలున్నారంటే నెల అద్దెకివ్వరు. బండికి పదేళ్లు దాటితే ఫొటోలు పంపమనే పార్కులూ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ భూ నిర్వహణ సంస్థ (బీఎల్‌ఎమ్) భూముల్లో చాలాచోట్ల 28 రోజుల్లో 14 రోజులే ఉచితంగా ఉండనిస్తారు. ఆరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల్లోని దీర్ఘకాల స్థలాల్లో అయితే రుసుము కట్టి సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండొచ్చు. జాతీయ పార్కుల పాత క్యాంపుల్లో 27 అడుగులు దాటిన బండి పట్టే స్థలాలు తక్కువ, కాబట్టి బుక్ చేసేటప్పుడు స్థలం పొడవు, మీ ట్రక్కూ ట్రైలరూ కలిపిన పొడవు పక్కపక్కన రాసుకుని చూడండి. చక్రం ఎప్పుడు విప్పి బిగించినా 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి నట్లను టార్క్ రెంచీతో మళ్లీ బిగించండి. ఎంత టార్క్ అన్నది బండి పుస్తకంలో ఉంటుంది.